అద్దె ఇంటికి ఏది పెట్టించాలి: విప్పేదా, పగలగొట్టేదా?

అద్దెకిచ్చిన ఫ్లాట్ బాత్రూంలో ఐదేళ్ల కిందట నీళ్లను కుళాయికో షవర్‌కో మళ్లించే డైవర్టర్, గోడలోకి పూడ్చిపెట్టే రకం, వేయించాను. బయటికి ఒక పలచటి ప్లేటు, ఒక పిడి, అంతే కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంది. రెండో ఏడాది ఒక ఆదివారం పొద్దున్నే ఫోను: "సార్, షవర్ ఎంత కట్టినా కారుతూనే ఉందండీ." ప్లంబరు పిడి విప్పి, నీళ్లను వదిలి కట్టేసే లోపలి భాగం, కార్ట్రిడ్జ్, బయటికి తీశాడు. బొటనవేలంత ఉంది. అదొక్కటి మారిస్తే సరిపోయేదే. కానీ ఆ మోడల్ తయారీ ఆగిపోయింది, ఇంకో కంపెనీది అందులో కూర్చోదు. చివరికి గోడ పగలగొట్టి లోపలి బాడీ మొత్తం మార్చాల్సి వచ్చింది. ఆరు టైల్స్ పోయాయి. ఆ డిజైన్ ఎక్కడా దొరకలేదు కాబట్టి గోడ గోడంతా కొత్త టైల్స్. నాలుగు రోజులు ఆ ఇంటివాళ్లు ఇబ్బంది పడ్డందుకు ఆ నెల అద్దెలో కొంత తగ్గించుకోమని నేనే చెప్పాను.

అప్పటినుంచి అద్దె ఇంటికి ఏది కొన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఇది చెడిపోయిన రోజు స్క్రూడ్రైవర్‌తో విప్పి మార్చొచ్చా, సుత్తి పట్టుకోవాలా? ధర, మన్నిక, అందం అన్నీ దాని తర్వాతే. సొంత ఇంట్లో ఈ ప్రశ్న అంత ముఖ్యం కాదు. అక్కడ కుళాయి కాస్త బిగుసుకుంటే మనకే తెలుస్తుంది, మనమే చూసుకుంటాం. అద్దె ఇంట్లో వాడేది ఒకరు, డబ్బు పెట్టేది ఇంకొకరు. కబురు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. వచ్చాక పని మనుషులున్న ఇంట్లోనే చేయించాలి, లేదా ఖాళీ అయిన నాలుగు రోజుల్లో ముగించాలి.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. ఖర్చును అది తెచ్చిపెట్టే ఏళ్లతో భాగించడమే. ఉదాహరణకు కొత్త గీజర్ ధర 100 అనుకోండి, ఎనిమిదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 12.5 పడుతుంది. పాతదానికి 20 పెట్టి ఎలిమెంట్ మార్పిస్తే ఇంకో రెండేళ్లు నడుస్తుందని మెకానిక్ అంటే ఏడాదికి 10. కాగితం మీద మరమ్మతే నయం. అదే రెండేళ్లు కాక ఒక్క ఏడాదే నడిస్తే 20 అయిపోతుంది. కాబట్టి "ఎన్నాళ్లు వస్తుంది?" అన్న ప్రశ్నకు మెకానిక్ ఇచ్చిన జవాబును సగం చేసి లెక్క కట్టడం నాకు అలవాటు. గీజర్ విషయంలో ఇంకొకటి కూడా చూడాలి. చాలా గీజర్ల ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకుకు బదులు అదే తుప్పు పట్టి అరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. కడ్డీ అరిగిపోయి, ట్యాంకు ఇంకా బాగుంటే కడ్డీ మార్చడం చవక. ట్యాంకే కారడం మొదలైతే మరమ్మతు మాట మరిచిపోండి.

ఈ లెక్కకు లొంగనివి కొన్నున్నాయి. వస్తువు చెడిపోతే అదొక్కటే చెడుతుందా, పక్కవాటిని కూడా చెడగొడుతుందా అన్నది అసలు తేడా. ఫ్యాను, తలుపు గడియ, ఎగ్జాస్ట్, కిటికీ మెష్ వంటివి చెడితే ఇబ్బందే తప్ప నష్టం అక్కడితో ఆగుతుంది. వీటిని చివరిదాకా బాగు చేయిస్తూ వాడుకోవచ్చు. గోడలో పైపు, బాత్రూం కింద వాటర్‌ప్రూఫింగ్, పాత వైరింగ్, పైకప్పు అలా కాదు. వీటి మరమ్మతు వాయిదా వేస్తే కింది ఇంటివాళ్ల సీలింగ్, మన ప్లాస్టరింగ్, తలుపు చౌకట్లు వరసగా బిల్లులోకి చేరతాయి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్లడమంటే ఇదే. ఇక్కడ ఇంకా కొంత ఆయుష్షు ఉన్నా ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే మార్చేయడం మేలు.

కరెంటు విషయంలో మాత్రం ఇదా అదా అన్న ప్రశ్నే లేదు. కరెంటు బోర్డులో ఎంసీబీ స్విచ్ ఉంది కదా అని ఊరుకుంటారు చాలామంది. అది ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ నుంచి వైర్లను కాపాడటానికి ఉన్నది. మనిషికి షాక్ కొట్టినప్పుడు కట్ చేసేది ఆర్‌సీసీబీ, అదీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయేది. రెండూ ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. మూడు నెలలకోసారి అది నొక్కి చూడమని అద్దెకున్నవాళ్లకు చెప్పండి. నొక్కినా స్విచ్ పడకపోతే వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

చెమ్మ: ముందు కారణం, తర్వాతే మందు

అద్దె ఇళ్లలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే అని నా నమ్మకం. గోడ మీద మచ్చ కనిపిస్తుంది, పెయింటర్ వస్తాడు, గీకి, పుట్టీ పెట్టి, "డ్యాంప్ ప్రూఫ్" అని రాసున్న డబ్బా ఒకటి పూస్తాడు. ఆరు నెలల్లో అదే చోట బుడగలు, తెల్లటి ఉప్పు. నీళ్లు గోడ వెనక నుంచి వస్తుంటే ముందు వేసిన పూత వాటిని ఆపలేదు. నీళ్లు ఉప్పును మోసుకొచ్చి పూతను లోపలినుంచే తోసేస్తాయి. పెయింటర్‌ని పిలిచేముందు చేయాల్సిన పరీక్షలన్నీ దాదాపు ఉచితమే.

మచ్చ ఎప్పుడు తడిగా ఉంటుందో అద్దెకున్నవాళ్లను అడగండి. ఊరికెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చినా తడిగానే ఉంటే అనుమానం మంచినీళ్ల పైపు మీద. అందులో రాత్రింబవళ్లు ఒత్తిడి ఉంటుంది కాబట్టి కారుతూనే ఉంటుంది. కుళాయిలన్నీ కట్టేసి మీటర్ రీడింగ్ రాసుకుని, మూడు గంటల తర్వాత మళ్లీ చూడండి. మీటర్ లేకపోతే ట్యాంకు మట్టం చూడొచ్చు. కదిలిందంటే ఎక్కడో కారుతున్నట్టే. గోడ మీద పడేముందు టాయిలెట్ ఫ్లష్ ట్యాంకును కూడా చూడండి. ట్యాంకులో కాస్త ఆహారపు రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగితే చాలు. కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే పోతున్న నీళ్లు అక్కడివే, ఒక రబ్బరు ముక్కతో అయిపోయే పని.

స్నానాల తర్వాతే తడి పెరిగితే తప్పు నేలదో, డ్రైనేజీ పైపుదో. ఈ రెంటినీ విడదీయడానికి నాకు ఒక పాత మేస్త్రీ నేర్పిన పద్ధతి ఉంది. బాత్రూం జాలీలో గుడ్డ, పాలిథిన్ కూరి గట్టిగా మూసేసి, నేల మీద రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలబెట్టాలి. గోడ మీద పెన్సిల్‌తో మట్టం గీసుకుని ఒక రోజంతా వదిలేయాలి. కింద తడి వచ్చిందా, తప్పు నేలది. రాలేదా, అప్పుడు గుడ్డ లాగేయండి. నీళ్లన్నీ ఒక్కసారిగా పోతాయి. ఆ తర్వాత కింద తడి తేలితే పైపు జాయింటుదే తప్పు. నా రెండో ఫ్లాట్‌లో మొత్తం బాత్రూం తవ్వాలని ఇద్దరు చెప్పారు. ఈ పరీక్షలో బయటపడింది జాలీ కింద వదులైన ఒకే ఒక్క జాయింటు. రెండు టైల్స్ తీసి ఒక్క పూటలో ముగించారు.

వాన పడ్డప్పుడే వస్తే బయటి గోడ పగుళ్లు, కిటికీ అంచులు, పైకప్పు చూడాలి. మూలల్లో, బీరువా వెనకాల నల్లటి బూజు మాత్రమే ఉంటే అది బయటినుంచి వచ్చిన నీరే కాకపోవచ్చు. ఇంట్లోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరై ఉండొచ్చు. అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు పక్కలా టేపు వేసి గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే చెమ్మ గోడలోదే, గది వైపు కనిపిస్తే ఆవిరిది. ఆవిరికైతే ఎగ్జాస్ట్ ఫ్యానే మందు.

కారణం తేలాక ఎంచుకోవడం తేలిక. నేల మీద టైల్స్ గట్టిగా ఉండి, వాటి మధ్య సందులు మాత్రమే ఖాళీ అయి ఉంటే పాత గ్రౌట్, అంటే సందుల్లో నింపే ముద్ద, గీకేసి ఎపాక్సీ గ్రౌట్ నింపించడం మొదటి ప్రయత్నం. సిమెంటు గ్రౌట్ చవకే కానీ నీళ్లు పీలుస్తుంది. ఎపాక్సీ ఖరీదు, దాన్ని నింపడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి, కానీ దాదాపు పీల్చదు, మరకలు పట్టదు. నాణెంతో తట్టినప్పుడు టైల్స్ డొల్లగా మోగుతుంటే గ్రౌట్‌తో కాలం గడపడం దండగ. అప్పుడు తవ్వి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి. నేలకే కాక గోడల మీదికి కూడా ఎక్కించమనండి, షవర్ దగ్గర ఇంకా పైదాకా. టైల్స్ పరిచేముందు ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూడకుండా చివరి చెల్లింపు చేయొద్దు. ఉన్న టైల్స్ మీదే పారదర్శకంగా పూసే కోటింగ్‌లు కూడా దొరుకుతాయి. ఆర్నెల్లు, ఏడాది వాయిదా వేయడానికి పనికొస్తాయేమో. కాళ్ల రాపిడి, యాసిడ్ కడుగుడు తట్టుకుని నిలవడం నేనింతవరకు చూడలేదు.

రంగు, నేల, కుళాయి

రంగుల్లో తేడా మ్యాట్‌కి, కాస్త మెరుపుండే శాటిన్‌కి మధ్యే. శాటిన్‌ని తడిగుడ్డతో తుడవొచ్చు, పిల్లల చేతి మరకలు పోతాయి. కానీ ఒకచోట మేకు రంధ్రం పూడ్చి టచప్ చేస్తే అతుకు దూరం నుంచే కనిపిస్తుంది, గోడ మొత్తం వేయాల్సిందే. మ్యాట్‌లో అతుకు కలిసిపోతుంది, మరక మాత్రం పోదు. నేను వంటగది, హాల్లో నడిచే దారి శాటిన్, పడకగదులు, సీలింగ్ మ్యాట్ వేయిస్తాను. అన్ని గదులకూ ఒకే షేడ్. దాని కోడ్ నంబర్ ఫోన్లో రాసుకుని, ఒక లీటరు డబ్బా సీలు చేసి అటక మీద పెడతాను. రెండు మూడేళ్లయ్యాక పాత రంగు వెలుస్తుంది కాబట్టి మధ్యలో మచ్చలా పూయకుండా ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆ ఒక్క గోడ వేయమనండి.

నేలకు విట్రిఫైడ్ టైల్ పేరు చెబితే బోర్‌గా అనిపిస్తుంది, అయినా అద్దె ఇంటికి దాన్ని మించింది నాకు కనిపించలేదు. అది పీల్చే నీరు బరువులో అర శాతానికి మించదు. పాలరాయి అందమే కానీ అది కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం పడ్డా, టాయిలెట్ క్లీనర్ పడ్డా అక్కడ మెరుపు పోతుంది. లామినేట్ చెక్క నేల లోపల ఉండేది ఎక్కువగా ఫైబర్ బోర్డు. కుండీ కింద నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే ఉబ్బుతుంది, మళ్లీ అణగదు. చెక్కలాగే కనిపించాలంటే క్లిక్ చేసి పరిచే వినైల్ పలకలు నయం, పాడైనవి ఊడదీసి మార్చొచ్చు. ఏది వేయించినా ఒక పెట్టె అదనంగా కొని దాచండి. ఏడాది తర్వాత అదే డిజైన్ దొరికినా అదే షేడ్ దొరకదు.

కుళాయిల్లో సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు దాదాపు 20 లీటర్లు పోతాయి. అద్దెకున్నవాళ్లు దీన్ని ఫిర్యాదుగా కూడా లెక్కపెట్టరు, కింద బకెట్ పెట్టుకుంటారు. వాషర్ ఉండే పాతరకం కుళాయి తరచూ కారుతుంది, కానీ వాషర్ ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరైనా వేస్తారు. సిరామిక్ డిస్క్ ఉన్న క్వార్టర్ టర్న్ కుళాయి ఎక్కువ కాలం వస్తుంది. నీళ్లలో ఇసుక వస్తే మాత్రం డిస్కులు గీసుకుపోతాయి. విడిభాగాలు తేలిగ్గా దొరికే బ్రాండ్‌లో మధ్యస్థ ధరది తీసుకుని, ఇల్లంతా అదే మోడల్ పెట్టించి, రెండు కార్ట్రిడ్జ్‌లు విడిగా ఉంచుకోండి. ప్రతి గదికీ, ప్రతి సింకుకూ విడిగా షటాఫ్ వాల్వ్ ఉండాలి. లేకపోతే ఒక్క వాషర్ కోసం ఇల్లంతా నీళ్లు ఆపాలి.

వంటగది అరల గురించి ఒక్క మాట. పార్టికల్ బోర్డు తడికి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే స్క్రూ పట్టు ఉండదు, తలుపు వేలాడుతుంది. కనీసం సింకు ఉన్నచోటయినా నీళ్లను తట్టుకునే ప్లైవుడ్ పెట్టించండి. నేనైతే సింకు కింద అడుగు చెక్కే పెట్టించను. నీళ్లు కారితే నేల మీద కనిపిస్తాయి, కబురు త్వరగా వస్తుంది.

మెరుగులు: ఎంత పెడితే ఎన్నాళ్లకు వస్తుంది?

ఖాళీగా ఉన్న ఒక నెల విలువ ఏడాది అద్దెలో 8.3 శాతం. ఈ అంకె గుర్తుంటే చాలా నిర్ణయాలు వాటంతటవే అయిపోతాయి. ఉన్నవాళ్లు సరిగ్గా అద్దె కడుతున్నారు, మార్కెట్ 5 శాతం పెరిగింది, వాళ్లు పెంచనంటున్నారు. పంపించేసి కొత్తవాళ్లను తెచ్చుకుంటే? మధ్యలో ఒక్క నెల ఖాళీ పడినా దాన్ని పూడ్చుకోవడానికి 20 నెలలు పడుతుంది, రంగులు, శుభ్రం చేయించే ఖర్చు కాకుండానే. టెన్షన్ సంగతి సరేసరి.

మెరుగులకూ ఇదే కొలత. పన్నెండు నెలల అద్దె పెట్టి మాడ్యులర్ కిచెన్ చేయించారు, దానివల్ల అద్దె 8 శాతం పెరిగిందనుకుందాం. ఖర్చు తిరిగి రావడానికి 150 నెలలు, అంటే పన్నెండున్నరేళ్లు. అద్దె ఇంట్లో ఆ అరలు అంతకాలం నిలవడం అనుమానమే. అదే అర నెల అద్దెతో బల్బులన్నీ ఎల్‌ఈడీకి మార్చి, గ్రౌట్ శుభ్రం చేయించి, కిర్రుమనే తలుపులు సరిచేయించి, కిటికీలకు మెష్ వేయిస్తే, ఇల్లు ఒక నెల ముందు నిండినా పెట్టుబడికి రెట్టింపు. ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది, కొనేవాడి కంటికి కిచెనే ముందు ఆనుతుంది. కాబట్టి ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారో తేల్చుకోకుండా కిచెన్ జోలికి వెళ్లొద్దు. బిల్లులు మాత్రం విడివిడిగా దాచండి. చాలా దేశాల పన్ను లెక్కల్లో మరమ్మతు ఖర్చును ఒకలా, మెరుగుదల ఖర్చును ఇంకోలా చూస్తారు.

ఫర్నిచర్‌తో ఇవ్వాలా, ఖాళీగానా? అద్దె ఎక్కువొస్తుంది నిజమే, కానీ వాషింగ్ మెషిన్ ఆగిన ప్రతిసారీ ఫోను మీకే. కొద్దికాలం ఉండి వెళ్లేవాళ్లు ఎక్కువగా ఉండే చోటయితేనే ఆ తలనొప్పి గిట్టుబాటవుతుంది.

ఎవరు చూసుకోవాలి?

ఇల్లు అరగంట దూరంలో ఉండి, నమ్మకమైన ప్లంబరు, ఎలక్ట్రీషియన్ నంబర్లు ఉంటే మీరే చూసుకోండి. ఊరు వేరైతే ఏజెన్సీ. ఏజెన్సీ అద్దెలో 10 శాతం తీసుకుంటే ఏడాదికి 1.2 నెలల అద్దె దానికే పోతుంది. వాళ్లవల్ల ఖాళీ రోజులు అంతకంటే ఎక్కువ తగ్గుతాయా అని చూడాలి. ఒప్పందానికి ముందు అడగాల్సినవి మూడు. మిమ్మల్ని అడక్కుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు, మరమ్మతు బిల్లు మీద సొంత లాభం వేసుకుంటారా, పనికి ముందూ తర్వాతా ఫొటోలు పంపుతారా. రెండో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయడమే.

ఈ రెండింటి మధ్య ఇంకో దారి ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. చిన్న మరమ్మతులు అద్దెకున్నవాళ్లకే వదిలేయడం. ఒక పరిమితి పెట్టి, అంతలోపు ఖర్చయితే వాళ్లే చేయించి, బిల్లు, పాత భాగం ఫొటో పంపి అద్దెలో తగ్గించుకోమనాలి. నా అనుభవంలో దీన్ని దుర్వినియోగం చేసినవాళ్లు ఒక్కరే, అదీ ఒక కుళాయి దగ్గర. మిగతావాళ్లంతా నాకంటే గట్టిగా బేరమాడారు. గ్యాస్, కరెంటు, గోడలోని పైపులు మాత్రం ఈ లెక్కలోకి రాకూడదని రాతపూర్వకంగా పెట్టండి.

తాళాలు ఇచ్చే రోజు ప్రతి గదిలో నాలుగు మూలలూ, సింకు కింద, గీజర్ వెనక, బాత్రూం సీలింగ్ వీడియో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ దగ్గర వచ్చే గొడవల్లో సగం "ఆ మచ్చ ముందునుంచే ఉందండీ" అన్నదే. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, ఎటు తిప్పితే కట్టుకుంటుందో కూడా అప్పుడే వాళ్ల చేత తిప్పించి చూపించండి. ఏళ్ల తరబడి కదపని వాల్వ్ బిగుసుకుపోయి ఉంటుంది. ఆ సంగతి పైపు పగిలిన రాత్రి కాక ఆ రోజే తెలిస్తే మార్పించేయొచ్చు.